పదిమందికీ గుర్తున్నంత మాత్రాన

జరగనిదాన్ని జరిగినట్టు, చూడనిదాన్ని కళ్లారా చూసినట్టు ఒక మనిషి గుర్తుపెట్టుకుంటే అది పొరపాటు. అదే పొరపాటును, అవే వివరాలతో, ఒకరికొకరు పరిచయం లేని వేలమంది గుర్తుపెట్టుకుంటే దాన్ని ఉమ్మడి తప్పుడు జ్ఞాపకం అంటారు. ఇది అబద్ధం కాదు. అబద్ధమాడేవాడికి నిజం తెలుసు. పుకారూ కాదు, పుకారు మోసేవాడు ‘ఎవరో అన్నారు’ అని ఒప్పుకుంటాడు. ఉమ్మడి తప్పుడు జ్ఞాపకం ఉన్నవాడు మాత్రం ‘నేను చూశాను’ అంటాడు, ఆ మాట నిజాయతీగానే అంటాడు. దీనికి ‘మండేలా ఎఫెక్ట్’ అన్న పేరు వ్యాప్తిలో ఉంది. నెల్సన్ మండేలా 1980ల్లో జైల్లోనే చనిపోయాడని చాలామందికి గుర్తుండటం గమనించి అమెరికా రచయిత్రి ఫియోనా బ్రూమ్ పెట్టిన పేరది. నిజానికి మండేలా 1990 ఫిబ్రవరి 11న విడుదలై, 1994లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడై, 2013 డిసెంబరు 5న కన్నుమూశారు.

ఉదాహరణ కోసం తెలుగువాళ్లు దక్షిణాఫ్రికా దాకా వెళ్లనక్కర్లేదు. మయసభ ఉంది.

దుర్యోధనుడు మయసభలో నీళ్లను నేల అనుకుని మడుగులో పడ్డాడు, ద్రౌపది చూసి పకపకా నవ్వింది, గుడ్డివాడి కొడుకు గుడ్డివాడేనని ఎత్తిపొడిచింది, ఆ నవ్వే కురుక్షేత్రానికి దారితీసింది. భారతం విన్న తెలుగువాళ్లలో ఎవరిని అడిగినా దాదాపు ఇదే కథ వస్తుంది. సంస్కృత భారతంలో సభాపర్వం తెరిస్తే, ఈ ఘట్టాన్ని కథకుడు నేరుగా చెప్పే చోట ద్రౌపది ఊసే లేదు. దుర్యోధనుడు తడిసినప్పుడు నవ్వినవాళ్లు భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు, అక్కడి పనివాళ్లు. ధర్మరాజు ఆజ్ఞ మీద పొడిబట్టలు తెచ్చి ఇచ్చారు. అంతే.

అసలు విశేషం కొన్ని అధ్యాయాల తర్వాత ఉంది. హస్తినకు తిరిగొచ్చిన దుర్యోధనుడు తండ్రి దగ్గర గోడు వెళ్లబోసుకుంటాడు. అప్పుడు అదే సంఘటన అతని నోట మరోలా వస్తుంది. కథకుడి పట్టికలో లేని కృష్ణుడు నవ్వినవాళ్లలో చేరాడు. ద్రౌపది చేరింది, ఆమెతోపాటు ఆడవాళ్లూ చేరారు. భీముడు తనను ధృతరాష్ట్రుడి కొడుకా అని పిలిచి, ‘ద్వారం ఇటు’ అని నవ్వుతూ చూపించాడని కూడా చెబుతాడు. గుడ్డితనం మీద ద్రౌపది వేసిన ఎత్తిపొడుపు మాత్రం ఇక్కడా లేదు. దుర్యోధనుడు తండ్రిని ఎగదోయడానికి కావాలనే కల్పించాడా, అవమానంతో రగిలిన మనసుకు నిజంగానే అందరూ నవ్వినట్టు తోచిందా అన్నది వ్యాసుడు తేల్చి చెప్పలేదు. ఏదైనా, తరాల పాటు జనం నోట నిలిచింది కథకుడి మాట కాదు, దెబ్బతిన్నవాడి మాట. నాటకాలు, హరికథలు దాన్ని పెంచాయి. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో, 1988లో దూరదర్శన్‌లో మొదలైన ‘మహాభారత్’ సీరియల్‌లో ఆ నవ్వు తెరకెక్కింది. ఆ తర్వాత అది చదివిన సంగతి కాకుండా చూసిన సంగతి అయిపోయింది. మగవాళ్లు నవ్విన నవ్వుకు ఒక ఆడమనిషి ఇన్ని శతాబ్దాలుగా మాటపడటం ఈ మొత్తంలో అన్యాయమైన భాగం.

లక్ష్మణరేఖదీ ఇలాంటి దారే. వాల్మీకి అరణ్యకాండలో లక్ష్మణుడు గీత గీయడు. తెలుగులో గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో గీతలున్నాయి. కాబట్టి గీత ‘గుర్తున్న’ తెలుగువాడికి పొరపడింది గీత విషయంలో కాదు, దాన్ని ఏ పుస్తకానికి కట్టబెట్టాలన్న విషయంలో. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని మూలం తారుమారు కావడం అంటారు. విషయం మనసులో నిలుస్తుంది, అది ఎక్కడినుంచి వచ్చిందన్న గుర్తు మాత్రం ఊడిపోతుంది. ‘మాయాబజార్’ ఇంకో రకం. 1957 నాటి ఆ సినిమాను పదిసార్లు చూసినవాళ్లు కూడా అందులో పాండవులు తెర మీద కనిపించరన్న మాటకు ఉలిక్కిపడతారు. కృష్ణుడు, అభిమన్యుడు, ఘటోత్కచుడు, దుర్యోధనుడు, శకుని ఉన్నాక పాండవులు ఉండే ఉంటారని మనసు తనంతట తనే ఖాళీ పూరిస్తుంది.

మనసు ఖాళీలు పూరించే తీరు

జ్ఞాపకాన్ని అనుమానించడం పాశ్చాత్యులు కొత్తగా కనిపెట్టిన పని కాదు. న్యాయ వైశేషిక శాస్త్రాలకు తొలి పాఠ్యపుస్తకంగా నేటికీ చదివే ‘తర్కసంగ్రహం’ రాసినవాడు తెలుగువాడైన అన్నంభట్టు. ఆయన జ్ఞానాన్ని అనుభవం, స్మృతి అని రెండుగా విడదీశాడు. స్మృతి అంటే కేవలం సంస్కారం నుంచి, అంటే పాత అనుభవం మనసులో వదిలిన ముద్ర నుంచి పుట్టేది. సరైన అనుభవం నుంచి పుట్టిన స్మృతి సరైనది, తప్పుడు అనుభవం నుంచి పుట్టింది తప్పుడుది. జ్ఞానానికి ప్రమాణాలుగా ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగింటిని ఒప్పుకున్న ఈ శాస్త్రం స్మృతికి ఆ పంక్తిలో చోటివ్వలేదు. గట్టిగా గుర్తుండటం వేరు, నిజం కావడం వేరు అన్న గ్రహింపు అందులో ఉంది. ఆధునిక పరిశోధన దీనికి కలిపింది ఏమిటంటే, అనుభవం సరిగ్గానే ఉన్నా ముద్ర తర్వాత మారిపోతుందన్న సంగతి.

దీన్ని మొదట పద్ధతిగా చూపించినవాడు కేంబ్రిడ్జి మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఆయన ఇంగ్లండు విద్యార్థులతో చదివించి, కొంతకాలానికి తిరిగి రాయించాడు. 1932లో అచ్చయిన ‘రిమెంబరింగ్’ పుస్తకంలో ఆ ఫలితాలున్నాయి. కథ పొట్టిదైంది. అర్థంకాని దయ్యాల ప్రస్తావనలు జారిపోయాయి. ఆదివాసుల దోనె మామూలు పడవ అయింది, సీలు వేట చేపల వేటగా మారింది. విద్యార్థులు కథను మరిచిపోయి ఊరుకోలేదు, తమ ఇంగ్లండు బతుక్కి సరిపోయేలా మలుచుకున్నారు. ఒకే రకం బతుకు నుంచి వచ్చినవాళ్లు కాబట్టి వాళ్ల తప్పులూ ఒకే రకంగా వచ్చాయి. ఉమ్మడి తప్పుడు జ్ఞాపకాలకు తాళంచెవి ఇక్కడే ఉంది.

పాఠకులు ఇంట్లోనే చేసి చూడదగ్గ ప్రయోగం ఒకటి ఉంది. ఈ మాటలను నిదానంగా ఎవరికైనా చదివి వినిపించాలి: మంచం, దిండు, దుప్పటి, పరుపు, జోలపాట, ఆవులింత, గురక, కునుకు, చాప, కల, రాత్రి, మెలకువ. రెండు నిమిషాలు వేరే ముచ్చట పెట్టి, తర్వాత గుర్తున్నవి రాయమనాలి. రాసినవాళ్లలో చాలామంది ‘నిద్ర’ అని కూడా రాస్తారు. ఆ మాట జాబితాలో లేదు. జేమ్స్ డీస్ 1959లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1995లో హెన్రీ రోడిగర్, కేథలీన్ మెక్‌డెర్మట్ మళ్లీ చేపట్టారు. వాళ్ల రెండో ప్రయోగంలో, వినిపించని ఆ కీలకమైన మాటను జనం 55 శాతం సందర్భాల్లో విన్నట్టు రాశారు. ఊరికే ఊహించారా, గట్టిగా గుర్తుందా అని అడిగితే, చదివినవాడి గొంతులో ఆ మాట విన్నట్టే ఉందన్నవాళ్లు తక్కువేం కాదు. పది మందిని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అడిగినా అందరూ ‘నిద్ర’ దగ్గరే పొరపడతారు. వాళ్లు కూడబలుక్కోలేదు. భాష ఒకటే, ఆ మాటల చుట్టరికం ఒకటే.

బొమ్మల విషయంలోనూ ఇంతే. షికాగో విశ్వవిద్యాలయంలో దీపశ్రీ ప్రసాద్, విల్మా బెయిన్‌బ్రిడ్జి 2022లో ప్రకటించిన పరిశోధన మండేలా ఎఫెక్ట్‌ను ప్రయోగశాలకు తెచ్చింది. మోనోపలీ ఆటపెట్టె మీది టోపీ ముసలాయనకు ఒంటికంటి అద్దం ఉన్నట్టు ఎంతోమందికి గుర్తు, అద్దం లేదు. డబ్బున్న పాతకాలపు దొర బొమ్మ అలాగే ఉండాలన్న అచ్చు మనసులో ఉంది కాబట్టి అని తేల్చెయ్యడం సులువు. కానీ అన్ని బొమ్మలకూ ఆ వివరణ కుదరలేదని, కొన్ని తప్పులు ఎందుకు అందరికీ ఒకేలా తడతాయో ఒక్క కారణంతో చెప్పలేమని ఆ పరిశోధకులే రాశారు.

ప్రశ్న కూడా జ్ఞాపకాన్ని మారుస్తుంది. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంలో ఉన్నాయని అడిగారు. కొందరిని అడిగేటప్పుడు ‘తగిలినప్పుడు’ అన్నారు, కొందరికి ‘ఢీకొని నుజ్జయినప్పుడు’ అన్నారు. మొదటివాళ్లు సగటున గంటకు 34 మైళ్లని చెప్పారు, రెండోవాళ్లు దాదాపు 41 అన్నారు. మరో ఫిల్ముతో ఇదే పని చేసి, వారం తర్వాత అద్దం పగిలిందా అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. ‘తగిలినప్పుడు’ విన్న 50 మందిలో ఏడుగురు చూశామన్నారు. ‘నుజ్జయినప్పుడు’ విన్న 50 మందిలో పదహారుగురు చూశామన్నారు. 1995లో లోఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ ఇంకో అడుగు వేశారు. చిన్నప్పుడు బజారులో తప్పిపోయావని మీ ఇంట్లోవాళ్లు చెప్పారంటూ ఒక కల్పిత సంఘటనను నిజమైన వాటి మధ్య పెట్టి చదివిస్తే, 24 మందిలో నాలుగో వంతు దాన్ని పూర్తిగానో కొంతవరకో గుర్తు తెచ్చుకున్నారు.

మెదడులో జరిగే పని గురించి తెలిసినంతలో ఒక్క ప్రయోగం చాలు. 2000లో కరీమ్ నాదర్, గ్లెన్ షేఫ్, జోసెఫ్ లెడూ ఎలుకలకు ఒక శబ్దం వింటే భయపడటం నేర్పారు. ఆ భయం మెదడులో స్థిరపడ్డాక, మళ్లీ శబ్దం వినిపించి, వెంటనే మెదడులో కొత్త ప్రొటీన్లు తయారు కాకుండా ఆపే మందు ఇచ్చారు. ఎలుకల భయం పోయింది. శబ్దం వినిపించకుండా మందు ఒక్కటే ఇచ్చినప్పుడు భయం పోలేదు. గుర్తు చేసుకున్నప్పుడు జ్ఞాపకం కాసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడగలదని, ఆ మధ్యలో అది మారే వీలుందని దీని అర్థం. తరచూ చెప్పుకునే కథ ఎక్కువ చెక్కు చెదరకుండా ఉంటుందన్న నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు.

కళ్ల ముందు మెదిలేవి

‘ఆ రోజు నేనెక్కడున్నానో ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతోంది’ అని జనం చెప్పే పెద్ద సంఘటనలు కొన్ని ఉంటాయి. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య, 1996 జనవరి 18న ఎన్టీఆర్ మరణం, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ గల్లంతు కావడం తెలుగువాళ్లకు అలాంటివి. 1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కూలిక్ వీటికి మెరుపు జ్ఞాపకాలన్న అర్థం వచ్చే పేరు పెట్టి, ఇవి మామూలు జ్ఞాపకాలకన్నా నమ్మదగ్గవని భావించారు. అల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ ఆ నమ్మకాన్ని కూల్చారు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే ఎమరీ విశ్వవిద్యాలయం విద్యార్థులతో ఆ వార్త ఎక్కడ, ఎలా తెలిసిందో రాయించి పెట్టారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగితే, ముఖ్యమైన వివరాలన్నీ కుదిరినవాళ్లు ముగ్గురే. పదకొండు మందికి ఒక్కటీ కుదరలేదు. క్లాసులో విన్నానని రాసినవాడు, టీవీలో చూశానని ఘంటాపథంగా చెప్పాడు. తమ చేతిరాత తమకు చూపించినా కొందరు కొత్త జ్ఞాపకాన్ని వదలలేదు. నమ్మకం గట్టిదనానికి, నిజానికి పొత్తు కుదరలేదు.

టీవీ ఇందులో ఎంత పని చేస్తుందో నెదర్లాండ్స్‌లో బయటపడింది. 1992 అక్టోబరు 4న ఆమ్‌స్టర్‌డామ్ శివారులో ఒక సరకు విమానం పెద్ద అపార్ట్‌మెంటు భవనాన్ని ఢీకొంది. ఢీకొన్న క్షణాన్ని ఎవరూ కెమెరాలో పట్టలేదు. టీవీలో చూపించింది తర్వాతి మంటలు, శిథిలాలు. కొన్ని నెలల తర్వాత హాన్స్ క్రోంబాగ్, ఇద్దరు సహచరులు ‘విమానం ఢీకొట్టే దృశ్యం టీవీలో చూశారా’ అని అడిగితే 55 శాతం మంది చూశామన్నారు. న్యాయశాస్త్ర విద్యార్థులను అడిగితే 66 శాతం. విమానం అడ్డంగా వచ్చిందా, నిటారుగా కూలిందా అని అడిగితే దానికీ జవాబు చెప్పారు. సాక్ష్యం తూచడం నేర్చుకుంటున్నవాళ్లే ఎక్కువ పొరపడటం గమనించదగ్గది.

ఒకరి నోట ఇంకొకరికి

జ్ఞాపకాలు అంటుకుంటాయి కూడా. 2003లో ఫియోనా గాబర్ట్, అమీనా మెమన్, కెవిన్ అలన్ ఇద్దరిద్దరిని కలిపి ఒకే సంఘటన వీడియో చూపించారు. ఇద్దరూ ఒకే వీడియో చూస్తున్నామనుకున్నారు, కానీ రెండూ వేర్వేరు కోణాల్లో తీసినవి. ఒకరికి కనిపించింది ఇంకొకరికి కనిపించదు. తర్వాత ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు. అలా మాట్లాడుకున్నవాళ్లలో 71 శాతం మంది, తమ కంటికి కనిపించే వీలే లేని వివరం ఒక్కటైనా తాము చూసినట్టు చెప్పారు.

1990ల్లో తెలుగు జిల్లాల్లో ఇళ్ల తలుపుల మీద, గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని, కర్ణాటకలో ‘నాళె బా’ అని రాసుకున్న కాలం చాలామందికి తెలుసు. ఒక ఆడదయ్యం రాత్రిళ్లు తలుపు తట్టి, తెలిసిన గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే చావేనని, గోడ మీది రాత చదివి తిరిగిపోతుందని కథ. ఇందులో రాత నిజం. అది చూసినవాళ్ల జ్ఞాపకం నికార్సైనదే. చావులు మాత్రం ఎప్పుడూ పక్క ఊళ్లోనే జరిగాయి. ఆ పక్క ఊరికి వెళ్లి అడిగితే ఇంకో పక్క ఊరు చూపిస్తారు. కాలం గడిచేకొద్దీ రెండూ కలిసిపోయి, రాత చూసిన జ్ఞాపకమే చావు జరిగిందనడానికి సాక్ష్యమై కూర్చుంది. ‘అబద్ధమైతే అన్ని ఇళ్ల మీదా ఎందుకు రాసుంటారు’ అనే వాదం ఈ కలయికనుంచి పుట్టిందే. 1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న భయంతో కోళ్లు, మేకలు కోసుకు తిన్న కథలు కూడా ఇలాగే పాకాయి. భయం నిజం, స్కైలాబ్ నిజం. దాని ముక్కలు పడింది మాత్రం హిందూ మహాసముద్రంలో, పడమటి ఆస్ట్రేలియాలో.

ఇంకా పెద్ద ఎత్తున చూస్తే, ఒక రాష్ట్రం మొత్తం తన పుట్టుకను కలగలిపి గుర్తుంచుకోవడం కనిపిస్తుంది. పొట్టి శ్రీరాములు ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణత్యాగం చేశారని బడిపిల్లలే కాదు, వేదికలెక్కే పెద్దలూ చెబుతుంటారు. ఆయన 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టి, 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి మరణించారు. ఆయన కోరింది మద్రాసు రాష్ట్రం నుంచి వేరుపడిన ఆంధ్ర రాష్ట్రం. అది కర్నూలు రాజధానిగా 1953 అక్టోబరు 1న ఏర్పడింది. హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న, ఆయన చనిపోయిన దాదాపు నాలుగేళ్లకు. అవతరణ దినం నవంబరు 1న జరుపుకుంటూ అదే వేదిక మీద శ్రీరాములుకు నివాళి అర్పించడం వల్ల రెండు తేదీలూ ఒక్కటైపోయాయి. ఇక్కడ ఏ ఒక్క మనిషి మెదడూ పొరపడలేదు, పండగ పొరపడింది. సమాజం తన అవసరానికి తగ్గ గతాన్ని కలిసి గుర్తుంచుకుంటుందని ఫ్రెంచి సామాజికవేత్త మారిస్ హాల్బ్వాక్స్ 1925లోనే రాశాడు.

సంవత్సరాల పేర్లతో కాలాన్ని లెక్కపెట్టే చోట తేదీలు మరింత తేలిగ్గా కలిసిపోతాయి. 1876-78 నాటి ఘోర క్షామాన్ని రాయలసీమ ధాత కరువు అంటుంది. మైసూరు సంస్థానం ఆ కరువులో సుమారు అయిదో వంతు జనాన్ని పోగొట్టుకుంది. ధాత సంవత్సరం మళ్లీ 1936లో వచ్చింది, 1996లోనూ వచ్చింది. అందుకని ‘ధాతలో మా తాత’ అని మొదలయ్యే కథ ఏ ధాతదో ఆ మాట ఒక్కదాన్నిబట్టి తేల్చలేం. పుట్టిన తేదీ తెలియని ముసలివాళ్ల వయసు రాసుకోవడానికి జనగణనవాళ్లు కరువులు, తుపానులు, ఎన్నికల జాబితా పట్టుకుని వెళ్లే పద్ధతి ఉంది. మనిషికి సంఘటన గుర్తుంటుంది గానీ సంవత్సరం గుర్తుండదన్న అనుభవం మీద కట్టిన పద్ధతి అది.

వెంకటమ్మనహళ్లి, ఆ రాత్రి

మూడు వైపులా ఆంధ్ర నేల చుట్టుకుని ఉన్న తాలూకా పావగడ. కర్ణాటకలో తుమకూరు జిల్లా కిందికి వస్తుంది, ఇళ్లల్లో తెలుగు ఎక్కువగా వినిపిస్తుంది. ఆ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి పేరు 2005 ఫిబ్రవరిలో దేశమంతా వినపడింది. ఆ నెల 6న చిక్కమగళూరు జిల్లాలో మావోయిస్టు నాయకుడు సాకేత్ రాజన్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. నాలుగు రోజులకు, 10వ తేదీ రాత్రి, వెంకటమ్మనహళ్లిలో మకాం ఉన్న కర్ణాటక రిజర్వు పోలీసుల మీద మావోయిస్టులు దాడి చేశారు. అది ప్రతీకారమని పత్రికలు రాశాయి. చనిపోయినవాళ్ల సంఖ్య చెప్పేటప్పుడు తర్వాతి కథనాలు కొన్ని ‘ఏడుగురు పోలీసులు’ అన్నాయి, కొన్ని ‘ఆరుగురు పోలీసులు, ఒక పౌరుడు’ అన్నాయి. ఏడు అన్న అంకె నిలిచింది, అందులో ఎవరెవరన్నది కదిలింది. అచ్చులో ఉన్న, తేదీ వేసిన కథనాల మధ్యే ఇంత తేడా వస్తే, నోటిమాటగా నడిచే కథ సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ ఊరివాళ్లు ఏం గుర్తుంచుకున్నారో, అది ఎంత సరైనదో ఈ వ్యాసం తీర్పు చెప్పబోవడం లేదు. అలాంటి రాత్రి ఏ ఊళ్లో వచ్చినా, చూసినవాళ్ల మనసులో ఏం జరుగుతుందన్నది మాత్రం పరిశోధనలు చెప్పాయి. తుపాకీ ఎదురుగా ఉంటే కళ్లు తుపాకీ మీదే ఉంటాయి, పట్టుకున్నవాడి ముఖం మీద ఉండవు. అమెరికా సైనిక శిక్షణ శిబిరంలో అయిదు వందల మందికి పైగా సైనికుల మీద ఛార్లెస్ మోర్గన్ బృందం చేసి 2004లో ప్రకటించిన అధ్యయనం మరీ కళ్లు తెరిపించేది. ఖైదీలుగా నటించే శిక్షణలో తమను దగ్గరగా కూర్చోబెట్టి ప్రశ్నించిన అధికారిని మర్నాడు గుర్తుపట్టమన్నారు. వరుసలో మనుషులనే నిలబెట్టి చూపించినప్పుడు, తీవ్రంగా బెదిరించిన అధికారిని గుర్తుపట్టినవాళ్లు, మెత్తగా ప్రశ్నించిన అధికారిని గుర్తుపట్టినవాళ్లలో దాదాపు సగమే. భయం ఎంత ఎక్కువైతే జ్ఞాపకం అంత లోతుగా చెక్కుకుంటుందన్న లోకం నమ్మకం ముఖాల విషయంలో తలకిందులైంది.

తప్పు గుర్తింపుకు చెల్లించే మూల్యం చిన్నది కాదు. అమెరికాలో 1984లో జరిగిన అత్యాచారం కేసులో బాధితురాలు, దాడి సమయంలోనే నేరస్థుడి ముఖం గుర్తుపెట్టుకోవాలని పట్టుదలగా చూసిన మనిషి, రొనాల్డ్ కాటన్ అనే యువకుణ్ని ఫోటోల్లో ఎంచింది. వరుసలో నిలబెడితే అతన్నే చూపించింది. రెండోసారి విచారణలో అసలు నేరస్థుణ్నే ఎదురుగా తెచ్చి నిలబెడితే, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. 1995లో డీఎన్‌ఏ పరీక్షతో కాటన్ నిర్దోషి అని తేలేసరికి అతను పదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. ఆమె అబద్ధమాడలేదు. మొదట ఫోటోలో చూసిన ముఖం ఆ రాత్రి చూసిన ముఖం స్థానంలోకి వచ్చి కూర్చుంది. అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షల వల్ల నిర్దోషులుగా బయటపడినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది కేసుల్లో ఇలాంటి తప్పు గుర్తింపే ఉంది.

భారత న్యాయస్థానాలకు ఈ సంగతి కొత్త కాదు. 1983లో భర్వాడా భోగిన్‌భాయి హిర్జీభాయి కేసులో సుప్రీంకోర్టు, సాక్షికి ఫోటో తీసినట్టు గుర్తుండాలని ఆశించరాదని, మనసు తెర మీద వీడియో టేపు తిరిగినట్టు సంఘటన తిరగదని స్పష్టంగా రాసింది. చిన్నచిన్న తేడాలున్నాయని సాక్ష్యం మొత్తాన్ని కొట్టేయరాదన్నది ఆ తీర్పు సారం. ఇందులో రెండో వైపు కూడా ఉంది. నలుగురు సాక్షులు అక్షరం తేడా లేకుండా ఒకే మాట అప్పజెబితే, వాళ్లకు నేర్పించి తెచ్చారేమోనని న్యాయమూర్తికి అనుమానం వస్తుంది. నిందితులను మెజిస్ట్రేటు ఎదుట వరుసలో నిలబెట్టి గుర్తింపజేసే పరేడ్ వీలైనంత త్వరగా జరగాలని, అంతకుముందు సాక్షులకు నిందితుల ముఖం కనబడకూడదని కోర్టులు పట్టుబడతాయి. ఆ పరేడ్‌లో గుర్తించడం కూడా స్వతంత్ర సాక్ష్యం కాదు. కోర్టులో చెప్పే మాటకు బలం చేకూర్చేది మాత్రమే. టీవీల్లో, ఫోన్లలో నిందితుల ఫోటోలు గంటల్లో తిరిగిపోయే ఈ రోజుల్లో ఈ జాగ్రత్త నిలిచేలా లేదు. పోలీసులు విలేకరుల ముందు నిందితులను ముసుగు లేకుండా నిలబెట్టినప్పుడల్లా, చూసిన సాక్షి మనసులో ముఖం మార్చే అవకాశం వాళ్లే ఇస్తున్నారు.

జ్ఞాపకం పనికిరానిదని ఇందులో ఏదీ చెప్పడం లేదు. సంఘటన సారాన్ని అది బాగానే మోస్తుంది. పారేసుకునేది అంకెలు, ముఖాలు, వరుస, ఎవరు చెప్పారన్న గుర్తు. జనం ఎంతమంది అంటున్నారన్నది కూడా తూకానికి రాదు. వంద మందీ ఒకే సినిమా చూసి చెబితే అది ఒక్క సాక్ష్యం. ఇద్దరు వేర్వేరు చోట్ల నిలబడి చూసి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందు చెబితే అవి రెండు సాక్ష్యాలు. స్కైలాబ్ భయాన్ని, గోడల మీది రాతలను, 2005 నాటి రాత్రిని ఎరిగినవాళ్లు పావగడ పల్లెల్లోనూ, సరిహద్దుకు ఇవతలి ఊళ్లలోనూ ఇంకా ఉన్నారు. తమ ఊరి కథ రాయాలనుకునే కాలేజీ పిల్లలు వాళ్లను రచ్చబండ మీద గుంపుగా కూర్చోబెట్టి అడగవద్దు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి విడిగా అడగండి. ‘మీరు చూశారా, ఎవరైనా చెప్పారా’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబును కూడా, అడిగిన తేదీతో సహా, అదే కాగితం మీద రాసి పెట్టుకోండి.